కోళ్ళను పిలిచిన గొంతు

నా చిన్నప్పుడు మా వాడలో పుట్టిన పసిపిల్లలందరికీ ఒక్క అవ్వే నీళ్ళు పోసేది. పీట మీద కూర్చుని, రెండు కాళ్ళు చాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని పోసేది. చేతులు ఎంత నిలకడో, గొంతు అంత వణుకు. నోరు తెరిస్తే రాళ్ళబాటలో ఎడ్లబండి మీద కూర్చుని మాట్లాడుతున్నట్టు మాట అదిరేది. మేం పిల్లలం ఆమెను నీళ్ళవ్వ అనేవాళ్ళం. మెడ మీద చేత్తో తట్టుకుంటూ ఆమెలాగా మాట్లాడి నవ్వుకునేవాళ్ళం. అందరికన్నా బాగా చేసేదాన్ని నేనే.

నా చదువు రెండో తరగతి దాకానే. ఇదంతా నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తున్నది. నా గొంతు ఆగినచోట తనూ ఆగుతుంది.

ఒకనాడు పక్కింటి పసివాడి వెండి కడియం కనబడలేదు. పొద్దున నీళ్ళు పోసింది అవ్వే కాబట్టి ఆమెనే అడిగారు. అట్లాంటప్పుడు మా ఊళ్ళో వెలిగే దీపం ముందు నిలబడి ప్రమాణం చేయాలి. చేసేటప్పుడు గొంతు తడబడిందంటే తప్పు ఒప్పుకున్నట్టే. దొంగకు గొంతు నిలవదని పెద్దలు ఎప్పుడో అనుకున్నారు. ఆ మాట అన్నవాళ్ళు నీళ్ళవ్వను చూడలేదు.

మా ఇంటి ముందర దీపం పెట్టారు. "నేను తియ్యలే" అన్నది అవ్వ. ఆ రెండు మాటలూ ముక్కలు ముక్కలై వచ్చాయి.

"చూసిన్రా, ఎట్ల వణుకుతున్నదో! తియ్యకపోతే అంత భయమెందుకే నీకు?" అన్నది పక్కింటి పెద్దమ్మ.

అవ్వ ఇంకా గట్టిగా చెప్పబోయింది. గట్టిగా చెప్పబోయినకొద్దీ వణుకు ఎక్కువైంది. ఇక ఏ ఇంట్లోనూ బిడ్డను ఆమె కాళ్ళ మీద వేయరని అక్కడున్న అందరికీ తెలుసు. ఆమె తినే తిండి ఆ పనితోనే.

అప్పుడు మా తాత లేచి లోపలికి వెళ్ళి గుప్పెడు జొన్నలు తెచ్చి ఆమె చేతిలో పోశాడు. "అక్కా, జెర మా కోళ్ళను పిలువు" అన్నాడు.

అందరూ తెల్లబోయి చూస్తున్నారు. అవ్వ "బా... బా... బా" అని పిలిచింది. అదే వణుకు, అన్నీ అవే ముక్కలు. గడ్డివాము వెనకనుంచి కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాయి.

"ఏందమ్మా, ఈమె కోళ్ళకు గూడ అబద్ధం చెప్తున్నదా?" అని తాత పెద్దమ్మ వైపు చూశాడు.

అందరూ గొల్లున నవ్వారు. దీపం తీసేశారు. నాలుగు రోజులకు కడియం నీళ్ళు పోయే కాలువ బురదలో దొరికింది. తప్పయిందని ఆమెతో ఎవరూ అనలేదు.

తాత ఆమెను గెలిపించాడు గాని ఆ నవ్వు ఆమె చెవిన పడింది. అవ్వ నీళ్ళు పోయడం మానలేదు, మాట్లాడటం మానేసింది. కోళ్ళను కూడా పళ్ళెం మీద గరిటెతో కొట్టి పిలిచేది. కొన్నేళ్ళకు జ్వరంతో మంచం పట్టింది. లోపలినుంచి పళ్ళెం చప్పుడు వినబడుతూనే ఉంది. కోళ్ళకు గింజలు వేస్తున్నదనుకున్నారు అందరూ, మనుషుల్ని పిలుస్తున్నదని ఎవరికీ తోచలేదు. మూడో రోజు చప్పుడు ఆగింది, తలుపు తోసి చూసేసరికి అవ్వ ప్రాణం పోయి ఉంది.

నేనూ మా ఆయనా ఇంగ్లండుకు, నాటింగ్‌హామ్‌లో బిడ్డ దగ్గరికి వచ్చాక, అరవై దాటినంక, నా గొంతు వణకడం మొదలైంది. అవ్వను వెక్కిరించిన పాపం తగిలిందనుకున్నాను. డాక్టరు దగ్గరికి పోదాం పద అని ఆయన ఎన్నిసార్లు అన్నా కదల్లేదు. పాపానికి మందేముంటుంది? మెల్లగా నోరు కట్టేసుకున్నాను. అన్నానికి ఆయన్ని పిలవాలంటే స్టీలు పళ్ళెం మీద చెంచాతో కొట్టేదాన్ని. అవ్వ చేసిన పనే చేస్తున్నానని నాకు తోచనే లేదు.

పోయిన చలికాలం ఆయన ఆసుపత్రిలో పడ్డాడు. ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకుని "ఒక్కసారి నన్ను పిలువు" అన్నాడు. తెర అవతల మనుషులున్నారు. సిగ్గుపడ్డాను. మంచం కడ్డీ మీద గోరుతో టక్ టక్ అని కొట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నా నుంచి ఆయన విన్నది చివరికి ఆ చప్పుడే.

తర్వాత బిడ్డ నన్ను లాక్కుని పోయినట్టే గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం దించి, "ఆ" అని ఊపిరి ఉన్నంతసేపు అనమన్నారు. తెర మీద నా గొంతు లోపలి రెండు పొరలు గాలికి ఆకుల్లాగా కొట్టుకుంటున్నాయి.

"ఇది పాపం వల్ల వస్తుందా అని అడుగు" అన్నాను బిడ్డతో.

"అమ్మా, డాక్టర్లను అట్లాంటివి అడగరు."

"నువ్వు అడుగు బిడ్డా."

అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు. కొందరికి చేతులు వణికినట్టే మీకు గొంతు వణుకుతున్నది, మెదడునుంచి కండరాలకు వచ్చే ఆజ్ఞే అదురుతున్నది, అందులో మీ తప్పేమీ లేదు అన్నది. తాత గుప్పెడు జొన్నలతో చూపించింది కూడా అదే గదా అనిపించింది. తాత దగ్గర మందు లేదు, అంతే.

మెడలోకి సూది వేశారు. రెండు వారాలు మాటకు బదులు గాలే వచ్చింది, నీళ్ళు తాగితే దగ్గు. ఆ తర్వాత గొంతు కొంచెం నిలబడింది. ఆయన ఫోటో ముందు నిలబడి "ఏమయ్యా" అని పిలిచాను. ఫోటో తల తిప్పదు గదా.

ఆ మందు నయం చేసేది కాదు, కొన్ని నెలలకు దిగిపోతుంది. మళ్ళీ సూది వేసేదాకా గొంతు మళ్ళీ అదురుతుంది. అప్పుడు నాకు ఆ కోళ్ళు గుర్తొస్తాయి. అవ్వ అబద్ధం ఆడలేదని ఆనాడు అందరూ చూశారు గాని, ఆమె అంత వణుకుతూ పిలిచినా కోళ్ళు పరుగెత్తుకొచ్చాయన్నది ఎవరూ చూడలేదు. అవ్వా చూసుకోలేదు. నేను చూసేసరికి ఆయన లేడు.

ఇప్పుడు పళ్ళెం ముట్టను. మెట్ల కింద నిలబడి మనవరాలిని "బువ్వకు రా బిడ్డా" అని నోటితోనే పిలుస్తాను. ఎంత వణికినా సరే, అది దిగి వచ్చేదాకా పిలుస్తాను.