పోలికలున్నాయి

మా ఫోరెన్సిక్ ల్యాబులో ఆమెను అందరూ వెంట్రుకలక్క అనేవారు. కేసుల్లో దొరికిన వెంట్రుకలు పరీక్షిస్తూ ముప్పై ఏళ్లు మైక్రోస్కోపు మీద వంగి వంగి నడుం పోగొట్టుకుంది. తలకు గుడ్డ కట్టుకోకుండా తన గదిలో అడుగుపెడితే ఎవరినైనా చెడామడా తిట్టేది. స్లైడ్లు అతికించేవాణ్ని కాబట్టి ఎక్కువ తిట్లు తిన్నది నేనే. ఓసారి నా క్యారేజీలో వెంట్రుక వస్తే వెలుతురుకు పట్టి చూసింది.

"మీ ఆవిడ మీద అరవకు. ఇది నీదే. రంగేసి మూడు వారాలైంది."

నేను రంగు వేస్తానని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, నా ఖర్మ!

అంతటి మనిషి కూడా రిపోర్టులో "ఫలానావాడిదే" అని ఏనాడూ రాయలేదు. వెంట్రుక మీది పొలుసులు, రంగు, లోపలి గీత అన్నీ ముద్దాయి వెంట్రుకతో కలిసినా "పోలికలున్నాయి" అనే రాసేది. "వెంట్రుకంటే వేలిముద్ర కాదురా, ఒకేలాంటివి ఇద్దరికుండొచ్చు," అనేది.

ఒక హత్య కేసులో చనిపోయిన షాపు యజమాని చొక్కా మీద ఒక వెంట్రుక దొరికింది. ముద్దాయి ఓ వ్యాను డ్రైవరు. కోర్టులో ప్రభుత్వ లాయరు అక్కను నిలదీశాడు.

"పోలికలున్నాయంటే ముద్దాయిదేగా మేడమ్?"

"పోలికలున్నాయండీ."

జడ్జిగారు విసుక్కున్నారు. "అవునో కాదో చెప్పండమ్మా."

అక్క తల ఊపింది. టైపు చేసేవాడు "అవును" అని కొట్టేశాడు. ఆ ఒక్క ముక్కతో డ్రైవరుకు యావజ్జీవం పడింది. వెనక బెంచీ మీద కూర్చుని అంతా చూసిన నేనూ నోరు మూసుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పదకొండేళ్ల తర్వాత, అక్క రిటైరయ్యే నెలలో డ్రైవరు భార్య ల్యాబుకొచ్చింది. "ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష వచ్చిందటగా, మళ్లీ చూడండమ్మా," అని ఏడ్చింది. అక్క పాత పెట్టెలన్నీ దింపించి ఆ స్లైడు వెతికింది. డీఎన్ఏ తీయడానికి కావాల్సిన వెంట్రుక కుదురు చెక్కుచెదరలేదు.

"వెళ్లిపోయేముందు ఎందుకమ్మా ఈ తలనొప్పి?" అన్నాడు మా ఆఫీసరు.

"తల ఊపింది నేను. నొప్పి నాకే ఉండాలి," అని అక్క తనే కోర్టుకు ఉత్తరం రాసింది.

పరీక్ష జరిగింది. ఆ వెంట్రుక డ్రైవరుది కాదు.

అతను విడుదలైన రోజు అక్క నన్ను వెంటబెట్టుకుని జైలు గేటు దగ్గరికెళ్లింది. క్షమాపణ చెప్పాలని దారంతా మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. డ్రైవరు బయటికొచ్చాడు. భార్య పక్కనున్న అమ్మాయిని ఎగాదిగా చూశాడు.

"ఎవరే ఈ పిల్ల? మన చంటిదాని పోలికలున్నాయి."

"పోలికలేంటయ్యా, అది మన చంటిదే!" అంటూ ఆమె భోరుమంది.

అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక వెనక్కి తిరుగుతుందనుకున్నాను. ఈలోగా అతని భార్య మమ్మల్ని చూసి, "పరీక్ష మళ్లీ చేయించిన మేడమ్ ఈవిడే," అంది. నెరిసిన తలతో ఉన్న అక్కను అతను గుర్తుపట్టలేదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"మీ రుణం తీర్చుకోలేనమ్మా. ఇంతమందిలో మీరొక్కరే నిజం చెప్పారు."

ఊరుకుంటే సరిపోయేది. తల ఊపినా సరిపోయేది.

"ఆ రోజు కోర్టులో తల ఊపింది కూడా నేనేనయ్యా," అంది అక్క పైకే.

అతని చేతులు మెల్లగా కిందికి దిగాయి.