కొట్టంలో విరగని చెయ్యి

ఉచ్చీరమ్మ గట్టి అబద్ధం ఆడింది జన్మలో ఒక్కసారే. అదీ డాక్టరు ముందు, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "కొట్టంలో జారి పడినాను సార్" అంది. ఆయన ఆ మాటే చీటీలో రాసేశాడు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. అబద్ధమైతే బాగానే అతికింది, చెయ్యే అతకలేదు.

అసలు సంగతి ఊరందరికీ తెలుసు. ఎమ్మిగనూరు పక్క పల్లె నుంచి ఆదోని వైపు పత్తి తీయడానికి ఆడవాళ్ళంతా ఆటోలో పోతుంటే, మలుపులో మేతకు పోయే ఎనుము అడ్డమొచ్చి ఆటో బోల్తా పడింది. మిగిలినవాళ్ళకు గీరుకుపోయింది, అంతే. ఉచ్చీరమ్మ కుడి మోచెయ్యి నుజ్జయింది. ఆటో నడిపింది బజారి, ఆమె అక్క పార్వతమ్మ కొడుకు. పెళ్ళయి ఏడాది తిరగలేదు. పోలీసు కేసయితే పిల్లోడి గతేంగానని అందరూ ఒక మాట మీదికి వచ్చారు. ముందు తలూపింది ఉచ్చీరమ్మే. చంకనెత్తుకుని పెంచిన బిడ్డ మరి!

అయిదు నెలలు దాటినా చెయ్యి వంగలేదు, వేళ్ళు ముడుచుకోలేదు. మళ్ళీ ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలని, లేకపోతే ఇక ఇంతేనని డాక్టరు తేల్చేశాడు. మొగుడు పోయిన మనిషి, పత్తి తీస్తేనే కూడు. కొప్పు కూడా తానై వేసుకోలేదు. రోజూ పొద్దున్నే పార్వతమ్మ వచ్చి తల దువ్వి పోయేది.

ఆసుపత్రి గేటు దగ్గర, యాక్సిడెంటు పరిహారం ఇప్పిస్తానని తిరిగే సుధాకర్ అనే ఏజెంటు తగులుకున్నాడు. అక్కా అన్నాడు, టీ తాగించాడు. "ఏదో ఒక లారీ నంబరు రాపిస్తా. మీ బజారి పేరే రాదు. ఈ తెల్లకాగితాల మీద ఏలిముద్ర ఎయ్యి, సాలు."

వినడానికి ఎంత తియ్యగా ఉందో! ఉచ్చీరమ్మ ఎడమ బొటనవేలు సిరా డబ్బీ దాకా పోయింది కూడా.

"ఆ లారీ తోలేటోడు ఎవురప్పా?"

"ఎవుడైతే నీకేమక్కా?"

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నా బిడ్డను కాపాడుకునేకి ఇంకో తల్లి బిడ్డను ఇరికిస్తానా? పోప్పా!" అని లేచి వచ్చేసింది.

మరి లాయరు కావాలి కదా. ఆదోని కోర్టుకు పోతే నల్లకోట్లన్నీ ఒక్క తీరుగానే కనిపించాయి. ఇద్దరు చీటీ అయినా చూడకుండా ఎన్ని లక్షలొస్తాయో చెప్పేశారు. మూడో లాయరు అల్మాస్ మాత్రం ముందు ఆసుపత్రి చీటీ అడిగింది. చదివి కళ్ళద్దాలు తీసింది.

"కొట్టంలో పడినావా అమ్మా?"

ఉచ్చీరమ్మ వంగని చేతి వైపు చూసుకుంది. ఇక దాచలేక అంతా చెప్పేసింది.

"తప్పు బజారిదని నువ్వు చెప్పే పని లేదు. ఈ రకం పరిహారం కేసులో తప్పెవరిదని అడగరు. ఏ బండి, దెబ్బ ఎట్ల తగిలింది, ఇంతే. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ ఇస్తుంది."

"అయితే వానిమీద కేసుండదా?"

"ఉంటుంది. పోలీసులు రాస్తారు. నీతో అబద్ధం చెప్పను. కానీ వాడొచ్చి నిజమని ఒప్పుకోకపోతే, ఈ చీటీ ముందు నీ మాట నిలవదు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు కోర్టులో అర్జీ వేయాలి. ఇంక నాలుగు దినాలే ఉంది."

ఆ సాయంత్రమే ఉచ్చీరమ్మ అక్క ఇంటికి పోయింది. పార్వతమ్మ గడప దాటనివ్వలేదు. "నా కొడుకును జైలుకు తోలేకి వచ్చినావా? కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది, తెలీదా నీకు?"

"నాకు సెయ్యి కావల్లక్కా."

"నీ సేతికి నా బిడ్డనియ్యాల్నా?"

బజారి లోపలే ఉన్నాడు. గోడకు ఆనుకుని కూర్చుని తలెత్తలేదు. అక్క తిట్లకంటే వాడి వంచిన తలే ఉచ్చీరమ్మకు ఎక్కువ నొప్పి పెట్టింది.

మూడు పొద్దులు పార్వతమ్మ రాలేదు. నాలుగో రోజు తెల్లవారగానే ఉచ్చీరమ్మ ఎడమచేత్తో కొప్పు వేసుకోబోయింది. వేసినదల్లా జారిపోయింది. దువ్వెన విసిరికొట్టి ఏడ్చింది. అక్క మీద కోపం, బజారి మీద కోపం, ఆ ఎనుము మీద కోపం. అన్నింటికీ మించి తన నోటి మీద కోపం. ఇక ఒంటరిగానే స్టేషన్‌కు పోదామని తలకు కొంగు చుట్టుకుంది.

వాకిట్లో ఆటో ఆగింది. అదే ఆటో. ముందు బజారి దిగాడు, చేతిలో ఇన్సూరెన్స్ కాగితం. వెనక నుంచి పార్వతమ్మ దిగి లోపలికి వచ్చి, కింద పడిన దువ్వెన తీసింది.

"మూడు దినాలుగా వీడు కూడు ముట్టలేదు, నేనే వచ్చి చెప్తానని మొండికేసినాడు. టేషన్‌కు ఇట్లనే పోతావా, పిచ్చిదాని మాదిరి? కూసో."

జుట్టు లాగి లాగి దువ్వింది. ఎంత నొప్పెట్టినా ఉచ్చీరమ్మ తల కదపలేదు.

ఆటో బోల్తా పడిన రోజు తర్వాత ఆమె మళ్ళీ ఆటో ఎక్కడం ఇదే మొదటిసారి. మలుపు రాగానే కళ్ళు మూసుకుని అక్క చెయ్యి పట్టుకుంది. బజారి నడకకంటే నెమ్మదిగా పోనిచ్చాడు.

సాయంత్రంలోపు కోర్టులో వేయాల్సిన అర్జీ పట్టుకుని అల్మాస్ స్టేషన్‌లో కాచుకుని ఉంది. రైటరు పెన్ను తీశాడు.

"ఫిర్యాదు ఎవురిమీదమ్మా?"

"మా అక్క కొడుకు బజారి మీద సార్."

"వాడిప్పుడు యాడుండాడు?"

"బయటే ఉండాడు సార్. నన్ను ఈడికి తోలుకొచ్చింది వాడే."

రైటరు పెన్ను ఆపి తలెత్తాడు. అప్పటికే బజారి చెప్పులు విప్పి లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"మా చిన్నమ్మ కొట్టంలో పడలేదు సార్. నా ఆటోలో పడింది. రాసుకోండి."