బావ గుప్పిట్ల అందరి తాళంచెవులు

ముందే చెప్తున్న, నేను కోతలు కోసే మనిషిని. శామీర్‌పేట చెరువుల పట్టిన చేపను ట్రాక్టర్‌ల వేసుకొచ్చిన అన్నది నేనే. దాని మీసాలు రోడ్డు మీద ఈడ్చుకుంట వచ్చినయన్నదీ నేనే. కానీ మా బావ ముచ్చట మాత్రం నిజం. మావోళ్లు నమ్మనిది గదొక్కటే.

బావంటే మా అక్క పెనిమిటి. మేడ్చల్ దిక్కు ప్లాట్లు అమ్మిస్తడు. మనుమరాలిని తొట్టెల వేసే దావత్ శామీర్‌పేట అవతల ఒక మామిడి తోటల పెట్టిండు. చుట్టాలంతా కార్లల్ల దిగిన్రు. తోటలకు పోయేది ఒక్కటే సన్న బాట. ఆ బాట పొడుగునా ఒకదాని ఎనుక ఒకటి కార్లు నిలబెట్టి, నీడకు వచ్చి కూసున్నరు.

పగటి బువ్వ కాడ బావ చేతిల మటన్ బొక్క, నోట్లె నేను.

"ఏమే, మీ తమ్ముని నోట్లె పైపు పెడితే లారీ టైర్లకు గాలి నిండుతది" అన్నడు అక్కతోని. పంక్తి పంక్తంతా నవ్విండ్రు. ఆ నవ్వు ఆగకముందే బావ కుర్చీల నుంచి పక్కకు ఒరిగి కింద పడ్డడు.

భుజాలు పట్టి ఊపిన. ఉలకలే, పలుకలే. ఛాతీ దిక్కు చూసిన. లేస్తలేదు.

"ఊపిరి ఆడ్తలేదు! అంబులెన్స్‌కు ఫోన్ కొట్టున్రి!" అని మొత్తుకున్న.

ఒక్కలు కదిలితే ఒట్టు. "ఇగ షురూ జేసిండు" అనుకుంట మా మేనమామ ఇంకో ముక్క వేసుకున్నడు.

అక్క నా మొకం చూసింది. "వాడు అబద్ధం చెప్తే నవ్వుతడు. ఇప్పుడు నవ్వుతలేడు. ఫోన్ కొట్టున్రి!" అని కేక పెట్టింది.

అప్పుడు లేసిన్రు అందరు, ఒకరు ఫోన్ కొట్టిన్రు. "ఫిట్స్ వచ్చినయ్! చేతిల ఇనుము పెట్టున్రి!" అని ఎవరో అన్నరు. అంతే, జేబులల్ల ఉన్న తాళంచెవులన్నీ బావ గుప్పిట్లకు పోయినయ్. కారువి, బండివి, ఒకామె కొంగుకు కట్టుకున్న బీరువావి. పట్టనివి పక్కన కుప్ప బోసిన్రు. ఒకాయన ఉల్లిగడ్డ కోసి ముక్కు కాడ పట్టిండు. ఊపిరే లేనోనికి వాసనెట్ల తెలుస్తది?

సుచిత్ర దిక్కున్న మా అపార్ట్‌మెంటుకు ఒకసారి ఒక నర్సమ్మ వచ్చి, గుండె ఆగితే ఛాతీ ఎట్ల నొక్కాలెనో రబ్బరు బొమ్మ మీద నేర్పింది. నా దెబ్బకు ఆ బొమ్మ లేసి కూసొని చాయ్ అడిగిందని అప్పుడు ఊరంతా చెప్పిన. ఇప్పుడు బావ ఛాతీ నడుమ చెయ్యి మీద చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండ గట్టిగ, జల్దీ జల్దీ నొక్కుడు పెట్టిన. లోపల ఏదో కటుక్కుమన్నది. అయినా ఆపలే.

"చంపుతవా ఏందిరా?" అన్నడు మామ.

"నా రెక్కలు పడిపోతున్నయ్. మాటలు బంద్ జేసి నువ్వు నొక్కు మామా!"

మామ మోకాళ్ల మీద కూసున్నడు. ఒకరు అలిసిపోతే ఇంకొకరం నొక్కినం. అక్క బావ కాలి బొటనవేలు పట్టుకొని కూసున్నది.

అంబులెన్స్ వచ్చింది, బాట మొదట్ల ఆగింది. "కార్లు తియ్యున్రి!" అని ఒకటే హారన్. అందరు జేబులు తడుముకున్నరు. అప్పుడు యాదికొచ్చింది, తాళంచెవులు బావ చేతిల ఉన్నయని. ఇగ ఆయన మీద పడ్డరు.

"నాది తెల్ల కారు, తెల్ల కారుది ఇయ్యున్రి!"

"అన్నీ తెల్ల కార్లే గదనే!"

చేతికి దొరికింది పట్టుకొని ఉరికిన్రు. బటన్ నొక్కితే ఏ కారు కూస్తే దాంట్ల ఎక్కిన్రు. అంబులెన్సోళ్లకు ఓపిక సచ్చి, మిషన్ పట్టుకొని పక్క పొలంల నుంచే ఉరికొచ్చిన్రు. ఛాతీకి పట్టీలు అంటించి, మమ్ములను దూరం జరుగుమని కరెంటు ఇచ్చిన్రు. మళ్ల నొక్కిన్రు. కొంచెం సేపటికి బావ గుర్రుమని ఊపిరి పీల్చిండు. అక్క అప్పుడు ఏడ్సింది.

దవాఖాన నుంచి బావ ఇంటికొచ్చినంక చూడబోయిన. మంచం చుట్టు చుట్టాలే.

"తిని జర కునుకు తీసిన. గంతల వీడు పాత పగ మనసుల పెట్టుకొని నా పక్కటెముకలు ఇరగ్గొట్టిండు" అని చెప్తాండు బావ.

అందరు తలకాయలు ఊపుతున్నరు. ఆయన మాట మస్తు నమ్మిండ్రు.

అక్క నన్ను చూసింది. బావ నవ్వబోయి, "అబ్బా" అని పక్కలు పట్టుకున్నడు. నేను ఆయన ఛాతీ దిక్కే చూస్తున్న. లేస్తాంది, దిగుతాంది. చెప్పుకోనియ్ అనుకున్న.