పాలడెయిరీ గేటు ముందు ముగ్గు

ఆ ఇల్లు ఖాళీగా ఉందన్న కబురు నాకు మొదట చెప్పింది పంజాగుట్టలో ఆసుపత్రి బయట కొబ్బరిబొండాలు అమ్మే బోరబండ ఆవిడ. మా అత్తగారికి వైద్యం ఆ ఆసుపత్రిలోనే జరిగేది. వెళ్ళినప్పుడల్లా ఆవిడ బండి దగ్గర కాసేపు నిలబడి కష్టం సుఖం చెప్పుకోవడం నాకు అలవాటు.

అప్పట్లో అమీర్‌పేటంతా కంప్యూటర్ కోర్సుల పిల్లలతో కిటకిటలాడేది. మావారు ఆ కోర్సుల నోట్సులు తీసే జిరాక్స్ షాపులో పనిచేసేవారు. మేమున్న ఇంటి యజమాని గదుల నిండా మంచాలు వేసి హాస్టల్ పెడతానని మమ్మల్ని ఖాళీ చేయమన్నారు. ఎక్కడ అడిగినా హాస్టల్ మాటే. ఊరి చివరకు పోదామంటే అత్తగారిని అన్ని బస్సులు ఎక్కించి దించి ఆసుపత్రికి తేలేం. దగ్గర్లో ఇల్లు దొరక్కపోతే ఆవిడను ఊళ్ళో మా ఆడపడుచు దగ్గర దింపి రావాల్సిందే. అక్కడ ఈ వైద్యం లేదు. ఆ దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

"అక్కా, ఇల్లయితే ఉన్నది. మధురానగర్ ఎనక, పాల డెయిరీల," అంది బొండాలావిడ, చేతిలో కత్తి ఆపకుండానే. "గని చుట్టూ బర్రెలుంటయ్. వాసనకు ఓరుస్తవా మరి?"

"మా అత్తగారికి గేదెలంటే ప్రాణం," అన్నాను. నిజానికి ఆవిడను ఇంకా అడగనే లేదు.

వెళ్ళి చూశాం. రేకుల కొట్టాలు, సిమెంటు నీళ్ళతొట్టి, పచ్చిగడ్డి మోపులు, ఓ మూల రెండు గదుల పెంకుటిల్లు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, వాటి బాల్కనీల్లో ఆరేసిన జీన్స్ ప్యాంట్లు. డెయిరీ యజమాని మమ్మల్ని ఎగాదిగా చూశారు.

"ఫ్యామిలీకిచ్చే ఇరాదా లేకుండె నాకు. మా అమ్మ జెప్పిందని ఇస్తున్న. ఒక్కటే మాట, మా పనికి అడ్డం రావొద్దు. ఒక నెల చూస్త. కుదరలేదనుకో, ఖాళీ జెయ్యాలె."

గడ్డిమోపు విప్పుతున్న వాళ్ళమ్మగారు తలెత్తకుండానే, "ముసలామె ఉన్నది గదరా, నాకు మాట్లాడెతందుకు మనిషైతది," అన్నారు. ఆవిడను మేమందరం పెద్దమ్మ అనేవాళ్ళం.

చేరిన వారంలోనే అత్తగారి ముఖం తేటపడింది. గేదెల నెమరు చప్పుడు వింటూ మధ్యాహ్నం కునుకు తీసేవారు. మావారే చొక్కా వాసన చూసుకుంటూ బయల్దేరేవారు. "షాపులో అందరూ మీకు పాడి ఉందా అని అడుగుతున్నారమ్మా," అన్నారొకరోజు. "ఉందని చెప్పరా. గొప్పగా ఉంటుంది," అన్నారు అత్తగారు కాఫీ ఊదుకుంటూ.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, అమ్మ ముగ్గులు దిద్దించింది. భగవంతుడు ఏదైనా చల్లగా ఇచ్చినప్పుడు నేను ఆయనకు చెప్పుకునే మాట ముగ్గే. ఇల్లు దొరికింది, అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ఇంకేం కావాలి? ఆ శుక్రవారం పొద్దున పాలు పిండడం అయ్యాక, గేదెలు మేతకు ఖాళీ స్థలాలవైపు వెళ్ళగానే, గేటు ముందు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పద్మాల ముగ్గు పెట్టాను. మా ఊళ్ళో పశువులు పెరటి దారిన వచ్చిపోతాయి, వీధి వాకిలి ముగ్గుకు వాటితో పని లేదు. ఇక్కడ మనుషులకూ గేదెలకూ ఉన్నది ఆ ఒక్క గేటేనన్న సంగతి నాకు తట్టలేదు.

సాయంత్రం పాలవేళకు మంద తిరిగొచ్చింది. ముందు నడిచే పెద్ద గేదె ముగ్గు అంచున ఆగింది. ముక్కు కిందికి పెట్టి బుస్సుమంది. అంతే, కాలు కదపలేదు. దాని వెనక అన్నీ ఆగిపోయాయి. ఆ సన్నసందులో బైకులు, ఆటోలు, పుస్తకాల సంచులతో పిల్లలు.

"అన్నా, జర జరపన్నా, క్లాసుకు లేటైతుంది!" అని ఒక కుర్రాడు హారన్ కొట్టాడు.

"నువ్వే జరుపు భాయ్! కంప్యూటర్ నడుపుతవు, బర్రె నడపరాదా?" అని కసిరి, యజమాని నా వైపు తిరిగారు. "గిదేందమ్మా? గేటు నిండ ముగ్గేసినవు! అవి దాటుతయా? పాలెప్పుడు పిండాలె, గిరాకీలకు ఎప్పుడు పొయ్యాలె? గందుకే ఫ్యామిలీ వద్దన్న నేను. నెలాఖరుకు ఇంకో ఇల్లు చూసుకోండ్రి."

గుమ్మంలో అత్తగారు తలుపు పట్టుకుని నిలబడి అంతా వింటున్నారు. నేను చీపురు తేబోయాను. యజమాని అప్పటికే చెప్పుకాలు ముగ్గు మీద పెట్టబోతున్నారు.

"ఆగురా!" అంది పెద్దమ్మ గొంతు. "శుక్రవారం పూట ముగ్గును కాలుతోని తుడుస్తవా? బుద్ధున్నదా?"

ఆవిడ పచ్చిగడ్డి చంకలో పెట్టుకొచ్చి, ముగ్గు మీద తివాచీలా పరుచుకుంటూ గేటు లోపలిదాకా పోయారు. పెద్ద గేదె మెడ చాచి ఒక పరక అందుకుంది. తర్వాత ఇంకొకటి. తింటూ తింటూ లోపలికి నడిచింది, మిగతావి దాని వెంట. ముగ్గు చెరిగింది నిజమే. కానీ ఎవరూ దాన్ని తుడవలేదు.

"అమ్మా, రోజు గిట్ల గడ్డి పరుస్తవా?" అన్నారు యజమాని.

"రోజెందుకురా?" అని పెద్దమ్మ నన్ను పిలిచారు. "ఇగో బిడ్డా, రేపటి సంది గేటు మూలకు ఒక్క పువ్వెయ్యి. గంతే. నాల్గొద్దులైనంక ఇంకొకటి. బర్రె కొత్తదానికి బెదురుతది, చూసి చూసి అలవాటైతది. నెల చూస్తనంటివి గదరా, నెల చూడు. గా పిల్ల యాడికి పోదు."

యజమాని పాలబిందె తీసుకుని కొట్టంలోకి వెళ్ళారు.

మర్నాడు గేటు మూల అరచేయంత పువ్వు పెట్టాను. సాయంత్రం కిటికీ దగ్గర నేనూ అత్తగారూ కాపు కాసి కూర్చున్నాం. పెద్ద గేదె దాన్ని ఓరకంట చూసి, పక్కనుంచి పోయింది. అత్తగారు చేతులు జోడించారు, దేవుడికో గేదెకో. అలా పువ్వుకు పువ్వు చేర్చుకుంటూ, నెల తిరిగేసరికి పద్మాలు గేటు మధ్యకు వచ్చాయి. వాటి మీదుగా పెద్ద గేదె తోక ఊపుకుంటూ లోపలికి నడిచింది. ఖాళీ చేయమన్న మాట యజమాని మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి ఆసుపత్రి తొందరలో ముగ్గు పెట్టకుండా వెళ్ళి వస్తే, ఆయనే ఎదురొచ్చి, "ఏందమ్మా, ఇయ్యాల ముగ్గెయ్యలే? బర్రె గేటుకాడ నిలబడి అలిగింది!" అన్నారు. పెద్దమ్మ గడ్డిమోపు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు.

ఆ ఇంట్లోనే అత్తగారి వైద్యం పూర్తయింది. అమావాస్య ఎప్పుడో, ఏకాదశి ఎప్పుడో నేను క్యాలెండర్ చూసి చెబితే, వినడానికి పెద్దమ్మా అత్తగారూ అరుగు మీద పక్కపక్కనే కూర్చునేవారు. తర్వాత డెయిరీ ఊరి బయటికి తరలిపోయింది, మేమూ ఇల్లు మారాం. పెద్దమ్మ ఇప్పుడు లేరు. నా ప్రార్థనలో ఆవిడ రోజూ ఉంటారు.

ఇది చదివినవారికి నా మనవి ఒక్కటే. రేపు పొద్దున మీ వాకిట్లో ముగ్గుపిండి చేతిలోకి తీసుకున్నప్పుడు, చంకలో పచ్చిగడ్డి పెట్టుకొచ్చి మా అత్తగారిని మా దగ్గరే ఉండనిచ్చిన ఆ పెద్దమ్మను ఒక్క క్షణం తలుచుకోండి.