క్లైమాక్సుల బ్రహ్మం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లు కొత్త సినిమాను బ్రహ్మం కంటే ముందైనా చూడాలి, లేదంటే బ్రహ్మం కంటపడకుండానైనా తిరగాలి. మూడో దారి లేదు. ఆయనకు షుగర్ లేదు, బీపీ లేదు, బీడీ అలవాటు కూడా లేదు. ఉన్నది ఒకటే రోగం, చూసిన సినిమా కడుపులో నిలవదు. పోనీ ఇంటర్వెల్ దాకా చెప్పి ఆగుతాడా అంటే అదీ లేదు. మొదలుపెట్టడమే చివరి నుంచి పెడతాడు. "చంపింది పెదనాయినే. ఇగ కథేందంటే..." అంటాడు.

గోపయ్య సేటు చీరల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా పోచంపల్లి చీరల కౌంటర్ ఆయనదే. పుట్టింది కూడా పోచంపల్లిలో, మగ్గం పక్కనే. చీర మడత విప్పుతూ కథ విప్పుతాడు. కొంగు దాకా వచ్చేసరికి హీరోయిన్ చచ్చిపోయి ఉంటుంది. ఒకసారి పెళ్లిచీరకు వచ్చిన ఒకావిడ కథ విని వెక్కివెక్కి ఏడ్చి, చేతిలో ఉన్న కొంగుతోనే ముక్కు తుడుచుకుంది. ఆ చీర ఆవిడే కొనుక్కుపోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి గోపయ్య ఆయన్ని మందలించడం మానేశాడు.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు రెండున్నర గంటల సినిమాను పాటలతో సహా ముగించగల మొనగాడు బ్రహ్మం. పక్క సీటు కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా వదలడు. చేతులతో చెబుతాడు. పీక నొక్కి చూపిస్తే హత్య, రెండు చేతులూ జోడిస్తే శుభం. ఆ కుర్రాడు టికెట్ బుక్ చేసుకున్న సినిమా అదే అయ్యుంటే ఒక స్టేషన్ ముందే దిగి నడిచిపోతాడు.

అలాంటి బ్రహ్మం పక్కన, ఫ్యాన్సీ చీరల కౌంటర్‌లో పనిచేస్తుంది ఇందు. ఆమె తమ్ముడు నరేష్‌కుమార్ నాలుగేళ్లు సినిమా ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, అతను రాసిన మొదటి కథ సినిమా అయింది. పేరు 'ఏడుంబావు'. ఒక ఫొటో స్టూడియో, అందులో ఒక ఫొటోగ్రాఫర్. పొద్దున ఏడుంబావుకు ఒకామె పాస్‌పోర్టు ఫొటో కోసం వస్తుంది. పొద్దుగూకేసరికి ఆమెను ఎవరో చంపేస్తారు. తెల్లారితే మళ్లీ అదే రోజు, మళ్లీ అదే ఏడుంబావు, మళ్లీ ఆమె గుమ్మంలో. ఒక సైంటిస్టు యంత్రం చెడిపోయి కాలం అక్కడే ఇరుక్కుపోతుంది. చంపేదెవరో ఆ ఫొటోగ్రాఫర్ పట్టుకుంటే తప్ప రేపు రాదు. ప్రాణమంతా ఆ ఆఖరి పది నిమిషాల్లోనే ఉంది. విడుదలకు ముందు రోజు, గురువారమే తమ్ముడితో కలిసి సినిమా చూసిన ఇందుకు ఆ రాత్రంతా సినిమా భయం లేదు గానీ బ్రహ్మం భయం పట్టుకుంది.

"కాకా, నీ కాళ్లు మొక్కుత. ఈ ఒక్క సిన్మా క్లైమాక్స్ ఎవ్వలికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తనే బిడ్డా? మనోని సిన్మా!"

"పోయినసారి గూడ గిట్లనే అన్నవ్. పొద్దుమూకేటాల్లకు మలక్‌పేట దాక తెలిసిపోయింది."

"గది నా తప్పా? మలక్‌పేటోళ్లే చీరలు కొననీకె ఒచ్చిరి." ఇందు మొహం చూసి బ్రహ్మం గొంతు తగ్గించాడు. "మా నాయిన మగ్గం మీద ఒట్టు. చెప్ప."

నేతే బతుకైన సాలోళ్లింట మగ్గం మీద ఒట్టంటే చిన్న సంగతి కాదు. అయినా కుక్క తోక సంగతి ఇందుకు తెలుసు.

శుక్రవారం ఇందును దుకాణంలో పెట్టి గోపయ్య, బ్రహ్మం మార్నింగ్ షోకు వెళ్లారు. హాలు నిండింది, ఈలలు మోగాయి. అంతా బాగానే ఉంది గానీ, రెండోసారి ఏడుంబావు అయ్యేసరికి, అదే ఆమె వచ్చి అదే మాట అనేసరికి, గోపయ్య సీట్లోంచి లేచాడు. "ఏయ్ ఆపరేటరూ! ఏసిందే ఏస్తున్నవేందిరా?" ఆయన పాత కాలపు మనిషి, రీళ్లు తారుమారైన రోజులు చూసినవాడు. హాలు సగం ఆయనకు వంత పాడింది. మూడోసారికి చెప్పులు చేతికొచ్చాయి. ఆఖరికి ఆపరేటర్ బయటికొచ్చి దండం పెట్టాడు. "సార్, సిన్మానే గట్లున్నది! నన్నేం జెయ్యమంటరు?"

ఇంటర్వెల్‌లో సమోసాకని లేచినవాళ్లు, గోపయ్యతో సహా, మళ్లీ లోపలికి పోలేదు. మధ్యాహ్నానికి ఫోన్ల నిండా ఒకటే మాట, 'అర్థం కాలే'. ఒకాయనైతే ఒక్క టికెట్‌కు ఒకే సీను ఐదుసార్లు చూపించారని మెచ్చుకున్నాడు.

సాయంత్రం నరేష్ ఫోన్ చేశాడు. "అక్కా, ఆదివారం దాక ఇట్లనే ఉంటే సోమవారం తీసేస్తరంట. మొదటిది గిట్ల పోతే నా రెండో కథ ఎవలింటరు?" ఇందు "తిన్నవా?" అని అడిగింది.

శనివారం బ్రహ్మం కౌంటర్ మీద ఎర్ర పోచంపల్లి చీర పరిచి గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా చంపాపేట్ ఈరమ్మ కూర్చుంది.

"అక్కా, గీ చీర మీద చిలకలెన్ని?"

"శానున్నయ్."

"అన్ని ఒక్కతీరుగనే ఉన్నయా? జర మంచిగ సూడు. గీ చిలక ముక్కు ఇంత వంగింది. గా చిలక తోక ఇంత జరిగింది. నూలుకు ముడులేసి రంగులద్దుతం గదా, ఒక్క పోగు జరిగితే చిలకే మారిపోతది. గా సిన్మా గూడ గంతే. అదే రోజొస్తది, గాని ప్రతిసారి ఒక పోగు జరుగుతది. గా జరిగిన పోగు దొరకవట్టినోనికి దొంగ దొరుకుతడు!"

ఈరమ్మ చీర వదిలేసింది. పక్క కౌంటర్ల ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఇందుకు ఒళ్లు పులకరించింది. వందమంది చూసి తల గోక్కున్న సినిమాను ఈయన ఒక్క చీరతో విప్పి చూపించాడు!

"మరి చంపిందెవలయ్యా?" ఈరమ్మ ముందుకు వంగింది.

బ్రహ్మం అటూ ఇటూ చూసి ఆమె చెవిలో ఏదో ఊదాడు. ఆమె "ఓయమ్మో!" అని నోరు నొక్కుకుంది. ఆ రోజు ఆయన అలా నలభై చెవుల్లో ఊదాడు. ఇందు గుండె నలభైసార్లు గుభేలుమంది. సాయంత్రం ఆయన "పోయొస్త బిడ్డా" అంటే ఆమె మొహం తిప్పుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఈరమ్మ చెంగు బిగించి దుకాణంలోకి దూసుకొచ్చింది. వెనక ఆమె తోడికోడలు.

"ఏమయ్యా బ్రహ్మం! నాకేమో పాలోడు చంపిండంటివి. దీనికేమో సైంటిస్టంటివంట. పొద్దుగాల్నుంచి ఇంట్ల ఇద్దరం ఒకటే కొట్లాట! తేల్చుకుందామని పోయి సూస్తిమి. వాడూ గాదు, వీడూ గాదు!"

"మరి సిన్మా ఎట్లుందక్కా?"

"ఉండేదేంది, అదిరింది! మల్ల పోతున్నం. మా ఆయనకేమో లాయరు చంపిండని చెప్పినవంట గదా, ఆయన్ని గూడ తోల్కపోతున్నం."

వాళ్లేనా! టీ కొట్టు దగ్గర పాలవాడి పక్షం, లాయరు పక్షం చొక్కాలు పట్టుకున్నాయి. గోపయ్యకు 'కవల చెల్లెలు' అని చెప్పాడట, ఆయన మొదటి ఆటలో రెండో సగం వదిలేసినందుకు తలకొట్టుకుని రెండోసారి పరుగెత్తాడు. నిజం తెలుసుకుని వచ్చినవాళ్లు నోరు విప్పలేదు, "నువ్వే పోయి సూడు" అని ఊరించారు. ఫస్ట్ షోకు హాలు గేటు మీద హౌస్‌ఫుల్ బోర్డు పడింది. ఇందు ఆ బోర్డు ఫొటో తీసి తమ్ముడికి పంపింది.

"కాకా, నీకో దండం. గిన్ని అబద్ధాలెట్ల పుట్టించినవ్? అసలుది ఒక్కసారన్న నోరు జారలేదా?"

బ్రహ్మం చీర మడత పెడుతూ నసిగాడు. "అసలుది నాకు తెలిస్తే గద బిడ్డా."

"అంటే?"

"ఒట్టయితే ఏసిన, గాని నా నోరు సంగతి నాకెర్కలేదా? కడుపుల పడ్డంక ఆగదది. అందుకే కడుపులకే పోనియ్యలే. ఆఖరి పది నిమిషాలుండంగ లేసి బయటికొచ్చిన. సప్పుడు ఇనపడొద్దని చెవులల్ల ఏళ్లు పెట్టుకోని బండ్ల కాడ కూసున్న."

శుభం కార్డు పడి, లైట్లు వేసి, ఊడ్చేవాళ్లు వచ్చి గదిమితే తప్ప సీటు వదలని మనిషి! నిన్న మొహం తిప్పుకున్నందుకు ఇందుకు సిగ్గేసింది. "కాకా..." అంటూ కళ్లు తుడుచుకుంది.

"ఏడ్వకు. పట్టుచీరలున్నయ్, తడుస్తయ్," అన్నాడు బ్రహ్మం.

సోమవారం పొద్దున్నే నరేష్ ఫోన్. ఇందు స్పీకర్ పెట్టింది. "అక్కా! తీసేసుడు లేదు! ఇంకో మూడు వారాలు ఆడిస్తరంట! రెండో కథ ఇంటమని ఇద్దరు ప్రొడ్యూసర్లు పిలిచిండ్రు!" దుకాణమంతా కేకలు. గోపయ్య అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించాడు.

బ్రహ్మం మాత్రం చీరల కుప్ప మీద కూలబడ్డాడు.

"ఏమైంది కాకా?"

"మూడు వారాలా!" అని ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "హాల్లకెల్లి తీసేసినంక సూద్దామని ఓర్సుకుంటున్న. అందాక చంపిందెవలో తెల్వకుండ నేనెట్ల బతకాలె బిడ్డా?"