సుంకమ్మ బయటికి తీసుకుపోయిన తొమ్మిది సీసాలు

కర్నూలు నుంచి నంద్యాలకు పోయే దారిలో, ఊరు దాటిన అరమైలుకు మందుల షెడ్డు ఉండేది. ఒక్క షెడ్డు కాదు, ఐదు. పనిచేసేవాళ్ళు మూడు వందల పైచిలుకు. కంపెనీకి పెద్ద ఇంగ్లీషు పేరు ఉండేది గాని ఊళ్ళో ఎవరి నోరూ దానికి తిరిగేది కాదు. చలిజ్వరం మిక్చరు, దగ్గు మందు, పసిపిల్లల కడుపునొప్పి మందు అక్కడ తయారై కడపకు, అనంతపురానికి, బళ్ళారికి పెట్టెల్లో పోయేవి. చలిజ్వరం మిక్చరు కాచేవాళ్ళ ఒంటికి ఆ చేదు ఎంతగా పట్టేదంటే, వాళ్ళను కుట్టిన దోమ తుంగభద్ర దాకా ఎగిరిపోయి నోరు కడుక్కునేది. కావాలంటే తుంగభద్రను అడగండి.

నేను అక్కడ గుమాస్తాను. కాన్వెంటులో సిస్టర్లు వేళ్ళ మీద కొట్టి నేర్పిన గుండ్రటి అక్షరాలు చూసి నన్ను పెట్టుకున్నారు. మేనేజరు చెప్పింది రాయడం నా పని. సుంకమ్మ గురించి కంపెనీ రాసిన ప్రతి ముక్కా నా చేతి రాతే. కాబట్టి ఆమె సంగతి చెప్పాల్సిందీ నేనే.

సుంకమ్మది బేతంచెర్ల. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నాపరాతి గనిలో పనిచేసేవాళ్ళు. తవ్విన బండ మీద నీళ్ళు చల్లి, తడి ఎక్కడ ఆలస్యంగా ఆరుతుందో చూసి, పగులు ఎక్కడుందో చెప్పడం ఆమె పని. ఆమె ఊరికే తేరిపార చూస్తే చాలు, లోపల పగులున్న బండ సిగ్గుపడి తనంతట తానే రెండు ముక్కలయ్యేదని ఆ ఊరివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు గని అంచు కూలి మొగుడు పోయాడు. అప్పుడామెకు ముప్పై ఏళ్ళు. పిల్లలు లేరు. మేనమామ వరుసైన గిడ్డయ్య ఆమెను కర్నూలు తీసుకొచ్చి మందుల షెడ్డులో పని ఇప్పించాడు. అది యాభై ఒకటో సంవత్సరం.

గిడ్డయ్య కంపెనీ పెట్టిన నాటి నుంచీ సీసాలు కడిగే మనిషి. తొట్టిలోని సోడా నీళ్ళలో సీసా ముంచి తీసి, మూతి చుట్టూ వేలు తిప్పి చూసేవాడు. మూతి ఎక్కడైనా చిట్లి ఉంటే వేలికి తగులుతుంది. అలాంటి సీసాలో మందు పోస్తే గాజు పలుకు లోపల పడుతుంది. కడిగినవాళ్ళ వేలు దాటి పోయిందాన్ని పట్టుకోవడానికి చివర ఒక బల్ల ఉండేది. కిటికీ వెలుతురుకు ఎదురుగా ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని, నింపిన ప్రతి సీసానూ తలకిందులు చేసి చూసేవాళ్ళు. సుంకమ్మ ఆ బల్ల మీదికి వచ్చిన ఆరు నెలలకు మిగిలిన అయిదుగురూ అనుమానం వచ్చిన సీసాను ఆమెకే ఇచ్చేవాళ్ళు.

ఆ బల్ల పక్క గోడలో ఒక గూడు ఉండేది. లోపమున్న సీసాను అందులో పెట్టేవాళ్ళు. మందు కలిపే కాంపౌండరు రామలింగప్ప పెట్టిన పద్ధతి ఇది. మధ్యాహ్నం గంట కొట్టాక, అన్నాలకు కూర్చునే ముందు, కడిగేవాళ్ళూ నింపేవాళ్ళూ చూసేవాళ్ళూ అందరూ ఆ గూడు దగ్గరికి వచ్చేవాళ్ళు. రామలింగప్ప ఒక్కో సీసా తీసి ఏమైందని అడిగేవాడు. ఎవరిదని ఎప్పుడూ అడిగేవాడు కాదు. చేసినవాళ్ళే తలగోక్కుంటూ ముందుకొచ్చేవాళ్ళు. నాలుగు ఎకసెక్కాలు, ఒక నవ్వు, సీసా కాలువలోకి వంపేయడం, తర్వాత అందరూ ఒకే వరుసలో కూర్చుని రాగిసంగటీ ఊరిబిండి పచ్చడీ పంచుకోవడం. గూట్లో రోజుకు యాభై అరవై సీసాలు ఉండేవి. బయట ఊళ్ళ నుంచి మాత్రం ఫిర్యాదు వచ్చిన గుర్తు నాకు లేదు.

యాభై ఆరు నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆఫీసులతో పాటు కంపెనీకి వచ్చే సర్కారు ఆర్డర్లూ పోయాయి. ఫిబ్రవరిలో మద్రాసు నుంచి కొత్త మేనేజరు దిగాడు. ఆయన బూట్ల చప్పుడుకు సీసాల్లో మందు వణికేది. వచ్చిన వారానికే గూడు చూసి, రోజుకు అరవై తప్పులు చేసే కంపెనీ ఇది అన్నాడు. రామలింగప్పకు వయసైపోయిందని ఇంటికి పంపేశాడు. ఆ తర్వాత నా చేత ఒక నోటీసు రాయించాడు. గూట్లో పెట్టే ప్రతి సీసా మెడకూ చీటీ కట్టాలి. దాని మీద కడిగినవాళ్ళ పేరు, నింపినవాళ్ళ పేరు ఉండాలి. పగిలిన సీసాకూ అంతే. శనివారం గేటు దగ్గర ఆ పేర్లు చదువుతారు. మూడుసార్లు పేరు వస్తే పని పోతుంది. బల్ల మీదికి వచ్చిన సీసాల కంటే పెట్టెల్లోకీ గూట్లోకీ పోయినవి తగ్గితే ఆ తప్పు బల్ల దగ్గరి మనిషిది. చదువురాని వాళ్ళకు నేనే నోటీసు చదివి వినిపించాను.

మొదటి నెలలో పదకొండు మందికి పని పోయింది. రెండో నెలకు గూడు ఖాళీ అయింది. తోటివాడి పొట్ట కొట్టడం ఇష్టంలేక కొందరు సీసాలు చూసీ చూడనట్టు వదిలేశారు. రేపు తన పేరు వాడు కడతాడన్న భయంతో కొందరు వదిలేశారు. పాత కక్షలున్నవాళ్ళు మంచి సీసాలకే చీటీలు కట్టారు. మధ్యాహ్నం అన్నాల వరుస పోయింది. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుని గోడకు ముఖం పెట్టి తినేవాళ్ళు. మూడు వందల మంది ఉన్న చోట నమిలే చప్పుడు వినపడేది. లోపాలు రోజుకు అరవై నుంచి రెండుకు పడిపోయాయని మేనేజరు మద్రాసుకు ఉత్తరం రాయించాడు. అదీ నేనే రాశాను, మంచి కాగితం మీద.

ఏప్రిల్ నాటికి గిడ్డయ్య పేరు రెండుసార్లు చదివారు. ఏళ్ళ తరబడి సోడా నీళ్ళలో నాని అతని వేళ్ళ కొనలు మొద్దుబారాయి. చిట్లిన మూతి మీద వేలు తిప్పినా తెలిసేది కాదు. ఒకసారి వేలు కోసుకుని రక్తం కారుతున్నా, పక్కవాడు చెప్పేదాకా చూసుకోలేదట. పాత రోజుల్లో అయితే ఆ సంగతి గూడు దగ్గర బయటపడేది, అతన్ని పెట్టెలు కట్టే పనికి మార్చేవాళ్ళు. ఇప్పుడు ఎవరికి చెప్పినా పని పోతుంది. ఇంట్లో భార్య హంపమ్మ పక్షవాతంతో మంచం పట్టి ఉంది.

మే నెలలో ఒక శుక్రవారం పొద్దున పసిపిల్లల మందు బల్ల మీదికి వచ్చింది. రెండో బుట్టలోనే సుంకమ్మకు గాజు పలుకులు కనపడ్డాయి. బియ్యపు నూకంత పలుకులు, సీసా తిప్పితే అడుగు నుంచి లేచి మళ్ళీ మెల్లగా దిగుతున్నాయి. మధ్యాహ్నానికి తొమ్మిది సీసాలయ్యాయి. అన్నీ గిడ్డయ్య తొట్టి నుంచి వచ్చిన బుట్టల్లోవే. వాటిని కాళ్ళ దగ్గర దాచి, గంట కొట్టగానే ఆమె తొట్టి దగ్గరికి పోయింది. అక్కడ వాళ్ళేం మాట్లాడుకున్నారో గిడ్డయ్యే చాలా రోజులకు నాకు చెప్పాడు.

"మామా, నీ చేతి యేళ్ళకు ఏమీ తెలుస్తా లేదు గదా" అందామె.

గిడ్డయ్య చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"తొమ్మిది సీసాలు మామా. అన్నిట్లో గాజే."

"ఈ ఒక్క తూరికి ఇడిసిపెట్టు సుంకమ్మా. మూడోసారి నా పేరు సదివితే ఆ మంచంలో ఉండే మనిషికి గంజి యాడనుంచి తెచ్చేది?"

"పసిపిల్లోల్లు తాగే మందు మామా ఇది."

"ఏ పిల్లోల్లు? నీకు తెలిసినోల్లా, నాకు తెలిసినోల్లా?"

ఆమె "నీ పేరు కట్టను. సీసాలూ పోనీను" అని మాత్రం అని వెనక్కి వచ్చింది.

గూట్లో పెడితే గిడ్డయ్య పేరు. పగలగొట్టినా గిడ్డయ్య పేరే. లెక్క తగ్గితే మాత్రం తన పేరొక్కటే, అదీ మొదటిసారి. ఆమె తొమ్మిది సీసాలనూ సంగటి తెచ్చుకునే బుట్టలో అడుగున పెట్టి పైన గుడ్డ కప్పింది. ఇంటికి పోయే దారిలో హంద్రీ ఏట్లో పారబోయాలనుకుంది.

సాయంత్రం గేటు దగ్గర చౌడమ్మ సోదా చేసేది. మామూలుగా బుట్టలు పైపైన తడిమి వదిలేది. ఆ రోజు ఎవరో ముందే చెప్పారు. ఎవరన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బల్ల దగ్గరి అయిదుగురిలో ఎవరైనా కావచ్చు, కాకపోవచ్చు. ఏడాది కింద సుంకమ్మ చేతి ఊరిబిండి అడిగి మరీ పెట్టించుకున్న చౌడమ్మ, బుట్టను నేల మీద బోర్లించింది. సీసాలు దొర్లాయి. పసిపిల్లల మందు బయట అమ్ముకుంటోందని గేటు దగ్గరే తీర్మానమైపోయింది. వెనక వరుసలో నాలుగో మనిషి గిడ్డయ్య. అతను తల వంచుకుని కాలి బొటనవేలు చూసుకున్నాడు.

ఆమెను ఆఫీసుకు తెచ్చారు. మేనేజరు తొమ్మిది సీసాలనూ బల్ల మీద పెట్టించి, ఎందుకు తీశావని అడిగాడు. ఆ ఇంగ్లీషును నేను తెలుగులో అడిగాను. ఆమె కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

"ఏమమ్మా, కారణముంటే చెప్పు, నేను సారుకు చెప్తా" అన్నాను.

"నేనే తీసినా. రాసుకోండప్పా" అంది.

కాగితం కోసం బల్ల మీది సీసాలు పక్కకు జరిపాను. ఒకటి చేతిలో ఉండగా పడమటి ఎండ దాని మీద పడింది. అడుగున పలుకులు లేచి తిరిగాయి. నాకంతా అర్థమైంది. ఆమె నా వైపు చూసింది. నేను చూశానని ఆమెకు తెలుసు. నేను నోరు తెరిస్తే మేనేజరు అడిగే మొదటి ప్రశ్న ఎవరు కడిగారని. దాని తర్వాతి ప్రశ్న, ఇన్ని నెలలుగా గూడు ఖాళీ అని మద్రాసుకు రాసిన ఉత్తరాల గురించి. నేను సీసా కింద పెట్టి, దొంగతనం కింద ఆమెను తీసేసినట్టు రాశాను. ఆమె వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది.

అక్కడితో అయిపోలేదు. కంపెనీ సొత్తు దొరికింది కాబట్టి దాన్ని తిరిగి సరుకులో కలపమని మేనేజరు అన్నాడు. సీసాలు తుడిచి పెట్టెలో సర్దారు. సోమవారం ఆ పెట్టె మీద చిరునామా రాసింది నేనే. కమలాపురంలో ఒక దుకాణం. అక్కడి నుంచి ఏ ఉత్తరమూ రాలేదు. పిల్ల చచ్చిపోయినా కడుపునొప్పితో పోయిందనుకునే ఊళ్ళు అవి, ఎవరు ఉత్తరం రాస్తారు?

గిడ్డయ్య ఉద్యోగం ఇంకో ఆరు వారాలు నిలిచింది. బల్ల మీదికి కొత్తగా వచ్చిన ఆమె అతని పేరు కట్టింది. గాజు కోసం కాదు, సీసాకు అంటుకున్న పాత కాగితం ముక్క కోసం.

యాభై తొమ్మిదిలో నేను కూడా ఆ ఉద్యోగం మానేసి వేరే పని మీద బేతంచెర్ల వెళ్ళాను. స్టేషను దగ్గర లారీలకు నాపరాళ్ళు ఎత్తుతున్నవాళ్ళలో సుంకమ్మ కనపడింది. బండలు చూసే పని ఆమెకు మళ్ళీ ఇవ్వలేదు. దొంగతనం మాట ఆమెకంటే ముందే ఊరు చేరింది. నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద తడి బండ. నన్ను గుర్తుపట్టి బండ దించింది. గిడ్డయ్య సంగతి చెప్పాను. హంపమ్మ పోయిందని చెప్పాను. విన్నది. తనను గురించి కంపెనీలో ఏమనుకున్నారని అడగలేదు.

"సామీ, ఆ సీసాలు ఏంజేసినారు?" అంది.

జీవితంలో నేను చెప్పని అబద్ధం లేదు. దోమల గురించి చెప్పాను, దయ్యాల గురించి చెప్పాను, పులిని చెంబుతో కొట్టానని చెప్పాను.

"ఆ పొద్దే పారబోసినాం సుంకమ్మా. నా చేతుల్తోనే" అన్నాను.

ఆమె ముఖం కాసేపు తేటపడింది. మంచిదప్పా అని, బండ ఎత్తడానికి సాయం పట్టమంది. పట్టాను. లారీ దగ్గరికి నడిచిపోయింది.