ముప్పై సిస్టమ్‌లలో హేమ ఫోల్డర్

2023. తిరుపతిలో ఒక యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. పిల్లలు నన్ను అక్కా అంటారు, నా నోటికి జడుస్తారు కూడా. ఆ ఏడు స్టూడెంట్ల కంప్యూటింగ్ క్లబ్బు కోడింగ్ పోటీ పెట్టింది. మొదటి ఇద్దరికీ శ్రీ సిటీలోని ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్, అంటే పని నేర్పే శిక్షణ.

కాణిపాకం దగ్గరి పల్లె నుంచి వచ్చిన హేమ ఆ ఇంటర్న్‌షిప్ మీదే ఆశలన్నీ పెట్టుకుంది. సొంత ల్యాప్‌టాప్ లేదు. క్లాసులయ్యాక రోజూ మా ల్యాబ్‌లో పద్నాలుగో సిస్టమ్ ముందు కూర్చుని సాధన చేసేది. కష్టపడే పిల్ల కదా అని ఆమె కోసం కాస్త ఆలస్యంగా తాళం వేసేదాన్ని.

పోటీకి ముందు రోజు సాయంత్రం ముప్పై సిస్టమ్‌లు సిద్ధం చేయాలి. ఒక్కొక్కదానిలో అన్నీ ఎక్కించే ఓపిక లేక క్లోనింగ్ చేశాను. ఒక సిస్టమ్ హార్డ్ డిస్క్‌ను ఉన్నదున్నట్టు మిగతావాటిలోకి కాపీ చేయడమే క్లోనింగ్. బాగా నడుస్తున్న సిస్టమ్ ఒకటి ఎంచుకుని పని ముగించాను.

మరునాడు ఉదయం పోటీ అయ్యాక క్లబ్బు ప్రెసిడెంట్ భార్గవ్ లిస్టు పట్టుకుని వచ్చాడు. ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చూసే సిమిలారిటీ చెకర్ నాలుగు పేర్లు పట్టుకుంది. హేమ, ఇంకో ముగ్గురు అబ్బాయిలు.

"నలుగుర్నీ తీసేయాల అక్కా. కానీ యట్ల కాపీ కొట్టినారో అర్థం కాలేదు. హేమ ముందు వరసలో ఉండాది, వీళ్ళు చివర్లో. ఇంటర్నెట్ లేదు, ఫోన్లు బయటే పెట్టిచ్చినాం."

నాకూ బుర్ర పనిచేయలేదు. అబ్బాయిలను నిలదీశాను.

"మా సిస్టమ్‌లోనే ఒక ఫోల్డర్ ఉండాది అక్కా, డెస్క్‌టాప్ మీద. దాంట్లోది చూసి రాసినాం. క్లబ్బోళ్ళు అందరికీ ఇచ్చినారనుకున్యాం" అన్నాడు ఒకడు.

"నా చెవిలో పూలు పెట్టొద్దండి" అని కసిరి, హేమను పిలిచాను.

"పెన్‌డ్రైవ్‌లో ఎవరికిచ్చినావు?"

"ఎవరికీ ఇయ్యలేదు అక్కా."

"మరి నీ కోడ్ వాళ్ళ దగ్గరికి యట్ల పోయింది?"

తల వంచుకుంది. నాకు ఒళ్ళు మండింది. "ఇందుకేనా నీకోసం ల్యాబ్ తెరిచిపెట్టినది?" అని అందరి ముందూ కడిగిపారేశాను.

అయినా మనసు కుదుటపడలేదు. అబ్బాయిల సిస్టమ్‌లు తెరిస్తే ఫోల్డర్ నిజంగానే ఉంది. అందులో పోటీ ప్రశ్నకు చాలా దగ్గరి ప్రోగ్రామ్. పక్క సిస్టమ్‌లోనూ ఉంది. ఎవరూ కూర్చోనిదానిలోనూ ఉంది. వైరస్ అనుకున్నాను. ఎవరైనా ల్యాబ్ తాళం కొట్టేశారేమో అనుకున్నాను. చివరికి ఫైల్ ఎప్పుడు సేవ్ అయిందో చూశాను. ముప్పైలోనూ ఒకే సమయం, నేను క్లోనింగ్ మొదలుపెట్టడానికి కాస్త ముందు. నేను నమూనాగా తీసుకున్నది పద్నాలుగో సిస్టమ్‌ని. హేమ సాధన చేసిన ఫోల్డర్‌ను తీసేయకుండా అన్నిటిలోకీ ఎక్కించింది నేనే.

సిగ్గుతో చచ్చిపోయాను. భార్గవ్‌కీ, మా డిపార్ట్‌మెంట్ హెడ్‌కీ ఉన్నదంతా చెప్పాను. మధ్యాహ్నం కొత్త ప్రశ్నతో పోటీ మళ్ళీ పెట్టారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయిన హేమకు మూడో స్థానం వచ్చింది.

సాయంత్రం క్యాంటీన్ దగ్గర ఆమెను ఆపాను. "నీ సిస్టమ్‌లోనూ ఆ ఫోల్డర్ కనిపించింటాది గదా. నాకు ఒక్క మాట చెప్పింటే ఏమి?"

"కనిపించింది అక్కా. మీరే నాకోసం పెట్టినారనుకున్యా. నేను తెరవలేదు, గుర్తున్నదే మళ్ళీ రాసినా. అందరి ముందర చెప్తే మీ ఉద్యోగం పోతాదని భయపడితి."

ఇరవై ఏళ్ళుగా ల్యాబ్‌లో ఏది చెడినా ముందు పిల్లల్నే అనేదాన్ని. ఇప్పుడు ఎవరినైనా ఒక మాట అనే ముందు నేను చేసిన పనిని మొదటినుంచీ సరిచూసుకుంటున్నాను. నన్ను కాపాడాలని ఆ పిల్ల దొంగ అనిపించుకోవడానికి కూడా సిద్ధపడింది. నేను ఆమెను ఒక్క నిమిషమైనా నమ్మలేదు.